మిలిటరీ నర్సింగ్‌కి వెళ్ళే ముందు స్త్రీల వైద్యంలో చేతిపని ఎక్కడ నేర్చుకోవాలి?

టెక్కలి సిస్టర్:

అందరికీ నమస్తే అండి. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి లేబర్ రూమ్‌లో చేస్తున్నాను. మిలిటరీ నర్సింగ్ సర్వీస్ షార్ట్ సర్వీస్ కమిషన్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మా వైపు ఏ ఊరు చూసినా ఆర్మీలోనో నేవీలోనో ఉన్నవాళ్ళు కనబడతారు కాబట్టి ఇంట్లో ఎవరూ కాదనలేదు.

అడగాలనుకున్నది ఇది. మా పిన్ని కూతురు నేవీలో అగ్నివీర్, ట్రైనింగ్ చిలికాలో అయింది. మొన్న సెలవుకి వచ్చినప్పుడు తెల్లబట్ట, దురద, మూత్రానికి వెళితే మంట చాలా కాలంగా ఉన్నాయని, అయినా ఎవరికీ చూపించుకోలేదని చెప్పింది. ఎందుకే అంటే, ఎం.ఐ.రూమ్ (యూనిట్‌లో డాక్టర్ చూసే గది) దగ్గర లైన్లో ఉండేదంతా తనతో కలిసి పని చేసే మగపిల్లలే, లోపల డాక్టరూ మగాయనే, ఏమని చెప్పనక్కా అంది. లేడీ నర్సు ఒకామె ఉండి, తనే చూసి మందిచ్చేస్తే ఎంత బాగుండేదో అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

తర్వాత చదివితే తెలిసింది, అమెరికా మిలిటరీలో పై చదువు చదివిన నర్సులు, అంటే నర్స్ ప్రాక్టీషనర్లు, మిడ్‌వైఫ్‌లు, కాపర్ టీ వేయడం, గర్భం రాకుండా చేతిలో ఇంప్లాంట్ పెట్టడం, గర్భసంచి లోపలి పొర బయాప్సీ, ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే కాల్పోస్కోపీ వరకూ సొంతంగా చేస్తారట. ఇక్కడ నేను ట్రే సర్దుతాను, లైటు పట్టుకుంటాను, అంతే. ఒక్క కాపర్ టీ కూడా నా చేత్తో వేయనివ్వలేదు. అడిగితే నీకెందుకమ్మా అంటారు.

అక్కడ ఈ ట్రైనింగ్ ఎలా ఇస్తారు? మన మిలిటరీ నర్సింగ్‌లో ఇలాంటివి చేయనిస్తారా? నేర్చుకున్నాక కేసులు లేని చోట పోస్టింగ్ పడితే ఆ పని చేతిలో నిలుస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బొబ్బిలి మేజర్, రిటైర్డ్:

అమ్మా, నీ ప్రశ్న చూసి సంతోషం వేసింది. నేను మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో చేసి రిటైరై ఇప్పుడు బొబ్బిలిలో ఉంటున్నాను. మొదట ఉన్నది ఉన్నట్టు చెబుతాను. లెఫ్టినెంట్‌గా చేరిన వెంటనే అమెరికాలోలాగా నీ అంతట నువ్వు ప్రొసీజర్లు చేస్తానంటే మన దగ్గర కుదరదు. గైనిక్ స్పెషలిస్టు ఉన్న పెద్ద మిలిటరీ ఆసుపత్రిలో అయితే ఆవిడే చేస్తుంది, నువ్వు పక్కన ఉంటావు. చిన్న ఆసుపత్రికి పోస్టింగ్ పడితే మెడికల్ ఆఫీసర్ ఉంటాడు గానీ గైనిక్ ఉండకపోవచ్చు, నీకు పని తెలుసా లేదా అన్నది అక్కడ తేలిపోతుంది.

మన దేశంలో నర్సులకి పై స్థాయి ప్రాక్టీసు కోసం ఉన్న దారుల్లో రెండు చెబుతాను. ఒకటి నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్, రెండేళ్ళ పీజీ. రెండోది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ, పద్దెనిమిది నెలలు, 2018 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన మిడ్‌వైఫరీ మార్గదర్శకాలతో వచ్చింది. హైదరాబాద్‌లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్ళు ఈ మిడ్‌వైఫరీ ట్రైనింగ్‌లో ముందు నుంచీ ఉన్నారు, తెలంగాణ ప్రభుత్వంతో కలిసి 2017లోనే మొదలుపెట్టారు. నీకు కావలసిన పనికి దగ్గరగా ఉన్నది ఈ రెండోదే.

ఇంకొకటి. మిలిటరీలో స్త్రీల వైద్యం అంటే యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలే అనుకోకు. నా సర్వీసులో నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది జవాన్ల భార్యలు. పెళ్ళయి ఏడాది తిరక్కుండా ఎక్కడో పంజాబ్‌లోనో అస్సాంలోనో క్వార్టర్స్‌కి వచ్చేస్తారు, తల్లి దగ్గరుండదు, అత్త దగ్గరుండదు, హిందీ రాదు. ఫ్యామిలీ వార్డులో సోంపేట పిల్ల ఒకత్తి నొప్పులు పడుతూ "అమ్మా నానుండలేను" అని అరుస్తుంటే చుట్టూ ఒక్కరికీ అర్థం కాలేదు. నేను వెళ్ళి "ఏటమ్మా, నీది ఏ ఊరు" అన్నానో లేదో నా చెయ్యి పట్టుకుని కాన్పయ్యేదాకా వదల్లేదు. అందుకే నాలుగు భాషలు నేర్చుకోవడం కూడా నీ ట్రైనింగ్‌లో భాగమే అనుకో.

నెల్లిమర్ల నుంచి టెక్సాస్:

హలో సిస్టర్. నేను నెల్లిమర్లలో చదివాను, ఇప్పుడు సాన్ ఆంటోనియోలో ఒక మిలిటరీ ఆసుపత్రిలో సివిలియన్ ఉమెన్స్ హెల్త్ నర్స్ ప్రాక్టీషనర్‌ని. ఇక్కడ ట్రైనింగ్ ఎలా ఉంటుందో చెబుతాను, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఇక్కడ మిలిటరీకి సొంత యూనివర్సిటీ ఉంది, మేరీల్యాండ్‌లో బెథెస్డాలో. అందులో నర్సింగ్ గ్రాడ్యుయేట్ స్కూల్లో ఉమెన్స్ హెల్త్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు డాక్టరేట్ స్థాయిలో చెబుతారు. చాలామంది బయట యూనివర్సిటీల్లో చదివి కూడా వస్తారు. కానీ డిగ్రీ ఉన్నంత మాత్రాన ఆసుపత్రిలో చెయ్యి వేయనివ్వరు. ప్రివిలేజెస్ అంటారు, ఏ ప్రొసీజర్‌కి ఆ ప్రొసీజర్‌కి విడిగా అనుమతి తీసుకోవాలి. కాపర్ టీకి వచ్చిందని గర్భసంచి పొర బయాప్సీకి వచ్చినట్టు కాదు. ముందు మోడల్ మీద చేయాలి, తర్వాత సీనియర్ పక్కన నిలబడి చూస్తుండగా పేషెంట్లకి చేయాలి, ఆవిడ సంతకం పెట్టాక పేపర్లు కమిటీకి వెళ్తాయి, అప్పుడు గానీ ఒక్కదాన్నే చేయడానికి లేదు. చేతిలో పెట్టే ఇంప్లాంట్‌కి అయితే కంపెనీ ట్రైనింగ్ కూడా పూర్తి చేసి ఉండాలి, లేకపోతే ఎవరైనా సరే, డాక్టరైనా సరే, పెట్టకూడదు.

మిలిటరీ కోసం ప్రత్యేకంగా చెప్పేది ఏమిటంటే, పోస్టింగుకి వెళ్ళేవాళ్ళకి బ్లీడింగ్ ఎక్కువైతే ఏం చేయాలి, బార్తొలిన్ గడ్డ, అంటే యోని ద్వారం పక్కన గ్రంథిలో గడ్డ వస్తే ఏం చేయాలి, పోగు కనబడని కాపర్ టీ ఎలా వెతకాలి, నెలసరి ఆపుకోవాలనుకునే అమ్మాయికి ఏ పద్ధతి ఇవ్వాలి, ఇవన్నీ ముందే నేర్పాలి. బార్తొలిన్ గడ్డ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ట్రక్కులో గంటల తరబడి కూర్చోవలసిన అమ్మాయికి అది నరకం. చిన్న కోత పెట్టి చీము తీసి, వర్డ్ క్యాథెటర్ అని బుడగ ఉన్న చిన్న గొట్టం లోపల పెట్టి, ఆ బుడగలో సెలైన్ నింపి, నాలుగు వారాల వరకూ ఉంచుతారు. ఇది తెలిసిన నర్సు ఒకామె ఉంటే ఆ అమ్మాయిని హెలికాప్టర్‌లో వెనక్కి పంపే పని తప్పుతుంది.

ఇక మీ చెల్లి చెప్పిన లైను సంగతి ఇక్కడా ఉంది. దానికి శాన్ డియాగో నేవీ ఆసుపత్రిలో మొదలైన పద్ధతి ఒకటి ఉంది, అపాయింట్‌మెంట్ లేకుండా నేరుగా వచ్చి కాపర్ టీ అయినా ఇంప్లాంట్ అయినా అదే రోజు వేయించుకుని వెళ్ళిపోవచ్చు. తర్వాత చాలా మిలిటరీ ఆసుపత్రులు దాన్ని అందుకున్నాయి. అత్యాచారం కేసుల్లో ఆధారాలు సేకరించే పరీక్ష కూడా ఇక్కడ ట్రైనింగ్ పొందిన నర్సులు చేస్తారు, ఆ కోర్సు మా ఊళ్ళోనే ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో ఉంది. ఇండియాలో ఆ పరీక్ష రిజిస్టర్డ్ డాక్టరే చేయాలి కాబట్టి నీకు అది రాదు, కానీ ఆ అమ్మాయి దగ్గరకి ముందు వెళ్ళేది నర్సే అన్నది మర్చిపోకు. బట్టలు మార్పించకుండా, కడగనివ్వకుండా, వద్దన్నది చేయకుండా ఎలా నిలబడాలో నేర్చుకోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

లేబర్ రూమ్, విజయనగరం:

సిస్టర్, నేను గవర్నమెంటు సర్వీసులో ఉన్నాను, కొత్త స్టాఫ్ నర్సులకీ ఏఎన్ఎంలకీ కాపర్ టీ ట్రైనింగ్ ఇస్తుంటాను. నీకెందుకమ్మా అన్నవాళ్ళ మాట వదిలెయ్యి. ట్రైనింగ్ అయిన స్టాఫ్ నర్సు, ఏఎన్ఎం కాపర్ టీ వేయొచ్చని గవర్నమెంటు గైడ్‌లైన్సే చెబుతున్నాయి. కాన్పయిన 48 గంటల్లోపు వేసేదీ నేర్పుతారు, ఆరు వారాల తర్వాత వేసేదీ నేర్పుతారు. కాబట్టి అమెరికా దాకా పోనక్కర్లేదు, నీ కాళ్ళ కింద ఉన్నదే ముందు పట్టుకో.

మేం బొప్పాయి మీద మొదలుపెడతాం. బయట దేశాల్లో కూడా ఇదే వాడతారట. మార్కెట్లో పెద్ద పెద్దవి కాకుండా చిన్నది, గట్టిగా ఉన్నది, తొడిమ వైపు సన్నగా ఉన్నది ఏరుకోవాలి. ఆ సన్నటి కొసే గర్భసంచి ముఖద్వారం అనుకోవాలి. వల్సెల్లమ్ అనే పటకారుతో పట్టి, సౌండ్ అనే కొలత కడ్డీ పెట్టి లోతు చూసి, కాపర్ టీ ఉన్న ట్యూబు మీద నీలం గార్డుని ఆ లోతుకి జరిపి, లోపలికి పంపాలి. ఇక్కడే దాదాపు అందరూ తడబడతారు. తెల్ల రాడ్‌ని ముందుకి తోసేస్తారు. తోయకూడదు. రాడ్ కదలకుండా పట్టుకుని ట్యూబుని వెనక్కి లాగాలి, అప్పుడే కాపర్ టీ చేతులు పైన విచ్చుకుంటాయి. తోస్తే గర్భసంచి గోడకి గుచ్చుకునే ప్రమాదం ఉంది. బొప్పాయిని నిలువుగా కోసి చూపిస్తే ఎక్కడ కూర్చుందో కళ్ళతో చూస్తారు, ఇక జన్మలో మర్చిపోరు.

కానీ బొప్పాయికి నొప్పి ఉండదు, టెన్షన్ ఉండదు, గర్భసంచి వెనక్కి వంగి ఉండదు. ఇవన్నీ మనుషుల దగ్గరే నేర్చుకోవాలి. లోపల కనబడేలా తెరిచే స్పెక్యులమ్ పెట్టే ముందే రెండు చేతులతో పరీక్ష చేసి గర్భసంచి ముందుకుందా వెనక్కుందా తెలుసుకోకుండా సౌండ్ పెట్టే సిస్టర్‌ని నేనైతే ఆపేస్తాను. ఒక్కోసారి ముఖద్వారం పట్టుకోగానే పేషెంటు ఒళ్ళు చల్లబడి, పల్స్ పడిపోయి, కళ్ళు తేలేస్తుంది. అప్పుడు చేతిలో పని వదిలేసి, కాళ్ళు పైకెత్తి, పల్స్ చూసుకుంటూ ఉండాలి, పల్స్ పెంచే అట్రోపిన్ మందు ట్రేలో ఉండాలి, బీరువాలో కాదు.

ఇంకోటి వీఐఏ. ముప్ఫై దాటిన ఆడవాళ్ళకి ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే స్క్రీనింగ్. ఐదు శాతం ఎసిటిక్ యాసిడ్ పూసి ఒక నిమిషం ఆగి తెల్లమచ్చ వచ్చిందా చూడాలి. ఆ నిమిషం ఎవరూ ఆగరు, పూసి వెంటనే చూసి నార్మల్ అని రాసేస్తారు. ద్రావణం కూడా ఏ రోజుకి ఆ రోజు కొత్తగా కలుపుకోవాలి. కరెంటు లేదు, ఖరీదైన మెషీన్ లేదు అన్న చోట కూడా జరిగే పరీక్ష ఇది, మిలిటరీ వాళ్ళ చిన్న ఆసుపత్రులకి సరిగ్గా సరిపోతుంది.

విజయనగరం గైనిక్:

నేను గైనకాలజిస్టుని. అందరూ రాసింది చదివాను, ఒకటి రెండు అభ్యంతరాలు ఉన్నాయి, చెప్పకుండా ఉండలేను.

కాపర్ టీ వేసేటప్పుడు గర్భసంచికి చిల్లు పడటం వెయ్యిమందిలో ఒకరికి జరుగుతుందని లెక్క. తక్కువే. కానీ పాలిచ్చే తల్లుల్లో ఆ ప్రమాదం చాలా రెట్లు ఎక్కువ. మేజర్ గారు చెప్పినట్టు జవాన్ల భార్యలే ఎక్కువమంది వస్తారంటే వాళ్ళలో పాలిచ్చే తల్లులే ఎక్కువ ఉంటారు. చిల్లు పడిందని గుర్తుపట్టేది ఎవరు, అల్ట్రాసౌండ్ ఎక్కడ, ఆపరేషన్ ఎక్కడ? ఈ మూడింటికీ జవాబు లేని చోట నర్సుకైనా డాక్టర్‌కైనా ప్రొసీజర్ చేసే హక్కు లేదని నా అభిప్రాయం.

బయాప్సీ సంగతీ అంతే. సన్న గొట్టంతో పొర ముక్క తీయడం కష్టమైన పని కాదు, నేను నేర్పితే టెక్కలి సిస్టర్ నేర్చేసుకుంటుంది. తీశాక రిపోర్టు వచ్చేదాకా ఆ పేషెంటుని ఎవరు పట్టుకుంటారు? ఈలోగా ఆమె భర్తకి బదిలీ అయితే రిపోర్టు ఏ ఊరు వెళ్తుంది? తీసిన ముక్క కంటే ఈ వెంటపడి చూసుకోవడమే ముఖ్యం. అబార్షన్ విషయంలో అయితే మన చట్టం స్పష్టంగా ఉంది, 2021 సవరణ తర్వాత కూడా అర్హత ఉన్న డాక్టరే చేయాలి, నర్సు చేయడానికి లేదు. ఎవరైనా చేయమని ఒత్తిడి తెచ్చినా చేయొద్దు అమ్మా.

నర్సులు చేయొద్దని నేను అనడం లేదు. ఎక్కడ ఆపాలో తెలియని చేయి ఎంత తిరిగినా ప్రమాదమే అంటున్నాను.

నెల్లిమర్ల నుంచి టెక్సాస్:

డాక్టర్ గారూ, మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇక్కడ కూడా మాకు మొదట నేర్పేది ఎప్పుడు చేయకూడదో. ప్రెగ్నెన్సీ టెస్టు లేకుండా బయాప్సీ లేదు, సౌండ్ ఆగిపోతే బలం పెట్టడం లేదు, పేషెంటు ఆపమంటే ఆపేయడమే.

కానీ ఒక్కమాట అనుమతించండి. మీరడిగిన అల్ట్రాసౌండ్, ఆపరేషన్ లేని చోట ప్రొసీజర్ చేయకపోతే పేషెంటుకి ఏం జరుగుతుందన్నది కూడా లెక్కలో వేయాలి కదండీ. మీ ఓపీకి వచ్చే ఆవిడ ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. ఓడ మీద ఉన్న అమ్మాయికి రేపు లేదు. 2023 జనవరిలో కెప్టెన్ శివా చౌహాన్ సియాచిన్‌లో కుమార్ పోస్టులో డ్యూటీకి వెళ్ళారు, అది 15,600 అడుగుల ఎత్తు. 4,500 మీటర్లు దాటిన ఎత్తులో వారం కంటే ఎక్కువ ఉండేవాళ్ళు మామూలు ఈస్ట్రోజన్ మాత్రలు మార్చుకునే ఆలోచన చేయాలని బ్రిటన్‌లో సలహా ఇస్తారు, రక్తం గడ్డకట్టే భయం వల్ల. ఆ మాట పైకి వెళ్ళాక చెబితే లాభం లేదు, కింద బేస్‌లో ఉండగానే ఎవరో ఒకరు కూర్చోబెట్టి అడిగి, కావాలంటే వేరే పద్ధతికి మార్చి పంపాలి. ఆ ఎవరో ఒకరు చాలాసార్లు నర్సే అవుతుంది.

టెక్కలి సిస్టర్ అడిగిన చివరి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, చెయ్యి నిలుస్తుందా అని. నిలవదు సిస్టర్. కేసులు లేకపోతే పోతుంది. అందుకే ఇక్కడ ప్రివిలేజెస్ ఒక్కసారి ఇచ్చి ఊరుకోరు, మళ్ళీ మళ్ళీ రెన్యూ చేస్తారు, ఎన్ని చేశావో చూపించమంటారు. చిన్న బేస్‌లో ఉన్నవాళ్ళు మధ్యలో పెద్ద ఆసుపత్రికి వచ్చి కొన్నాళ్ళు కేసులు చేసుకుని వెళ్తారు. ఆ ఏర్పాటు లేకుండా ఎంత గొప్ప కోర్సు పెట్టినా డబ్బు దండగ అని నా నమ్మకం.

ఫౌజీ ఇంటావిడ, సోంపేట:

నేను నర్సుని కాదు, మా ఆయన ఆర్మీలో ఉన్నారు. పేషెంటు వైపు నుంచి ఒకమాట చెప్పొచ్చా. మా ఆయన సెలవుకి వచ్చేది ఏడాదికి రెండుసార్లు. క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో నాకు కాపర్ టీ వేస్తామన్నారు. ఏడాది పొడుగునా ఆయన ఉండనప్పుడు నాకెందుకని వద్దన్నాను. అంతరా ఇంజెక్షన్ ఉందని, మూడు నెలలకి ఒకటని, వారం మాత్ర ఛాయా ఉందని ఎవరూ చెప్పలేదు, అవి ఊరొచ్చాక మా ఏఎన్ఎం చెబితే తెలిశాయి. వేయడం వచ్చినవాళ్ళు వేస్తామనే అంటారు, ముందు అడగాలి కదా ఇంట్లో ఎలా ఉంటారు, ఆయన ఎప్పుడొస్తారు అని.

ఇంకా ఒకటి. లోపల పరీక్ష చేసినప్పుడు ఉన్న నర్సమ్మ సాయంత్రం క్యాంటీన్లో కనబడుతుంది, ఆవిడ భర్త మా ఆయనకి పై ఆఫీసరు. నా సంగతి ఎక్కడికి పోతుందో అని భయం వేస్తుంది. మీరు వెళితే ఈ విషయం గుర్తుపెట్టుకోండి సిస్టర్.

బొబ్బిలి మేజర్, రిటైర్డ్:

సోంపేట అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. సివిల్ ఆసుపత్రిలో పేషెంటు గేటు దాటితే మళ్ళీ కనబడదు. కంటోన్మెంటులో అందరూ అందరికీ కనబడతారు. నేను జూనియర్లకి ఒక నియమం పెట్టేదాన్ని, ఎం.ఐ.రూమ్ బయట పేషెంటు తనంతట తను పలకరిస్తేనే పలకరించండి, అప్పుడు కూడా ఎలా ఉంది అని అడగొద్దు అని. సిక్ రిపోర్టులో ఎంత రాయాలి, యూనిట్‌కి ఎంత తెలియాలి అన్నది కూడా డాక్టర్‌తో కూర్చుని ముందే తేల్చుకోవాలి. డ్యూటీకి ఫిట్టా కాదా అన్నది యూనిట్‌కి కావాలి, తెల్లబట్ట సంగతి యూనిట్‌కి అక్కర్లేదు.

డాక్టర్ గారి మాట కూడా తీసెయ్యకు. ఆవిడ అడిగిన మూడు ప్రశ్నలూ, అల్ట్రాసౌండ్ ఎక్కడ, ఆపరేషన్ ఎక్కడ, గుర్తుపట్టేది ఎవరు అన్నవి, కొత్త పోస్టింగులో దిగిన మొదటి రోజే అడిగి కాగితం మీద రాసుకో. దగ్గరి పెద్ద ఆసుపత్రికి రోడ్డు ఉందా, వానల్లో ఉంటుందా అన్నది కూడా.

టెక్కలి సిస్టర్:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. ముందు కాపర్ టీ, వీఐఏ ట్రైనింగ్‌కి ప్రయత్నిస్తాను, మిడ్‌వైఫరీ కోర్సు గురించి కూడా కనుక్కుంటాను. లేబర్ రూమ్ మేడమ్, ప్రైవేటులో ఉన్నవాళ్ళని మీ ట్రైనింగ్‌కి రానిస్తారా? మా చెల్లికి ఈ థ్రెడ్ పంపాను, ముందు వెళ్ళి మూత్రం టెస్టు చేయించుకోమని పోరుతున్నాను.

లేబర్ రూమ్, విజయనగరం:

పోరడం కాదు, చేయించు. మంట ఎక్కువ రోజులుంటే కిడ్నీ దాకా పోతుంది, జ్వరం, నడుము పక్కన నొప్పి వస్తే ఆగకుండా వెళ్ళమను, నీళ్ళు బాగా తాగమను, డ్యూటీలో బాత్రూమ్ లేదని ఆపుకోవద్దని చెప్పు.

ట్రైనింగ్ విషయం, ప్రైవేటువాళ్ళకి బ్యాచ్ ఉంటుందా లేదా అన్నది జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసులో ఫ్యామిలీ ప్లానింగ్ చూసేవాళ్ళని అడగాలి, అప్లికేషన్ మీ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద పెట్టించు. దొరికేలోపు మీ డాక్టర్ వేస్తున్నప్పుడు ఊరికే లైటు పట్టుకోకుండా, గర్భసంచి ఎటు వంగి ఉంది, సౌండ్ ఎంత వచ్చింది అని ఆవిడ చెప్పకముందే నీ మనసులో అనుకుని, తర్వాత సరిచూసుకో. ట్రైనింగ్ మొదలయ్యాక ఒక లాగ్‌బుక్ పెట్టుకుని తేదీ, కాన్పయి ఎన్నాళ్ళయింది, లోతు ఎంత, ఏమైనా ఇబ్బంది వచ్చిందా, మళ్ళీ చూపించుకోవడానికి వచ్చిందా లేదా, ఇవన్నీ రాసి ప్రతి కేసుకీ డాక్టర్ సంతకం తీసుకో, పేషెంటు పేరు మాత్రం రాయకు.